ఎడమ భుజం

చంటి టీ కప్పు తండ్రి ముందు పెట్టి, వెళ్ళకుండా కాసేపు అక్కడే నిలబడింది. కనీసం "చక్కెర తక్కువైంది" అంటాడేమోనని ఆశ. ఆ మాటైనా వినబడుతుందని కొన్నాళ్ళుగా కావాలనే తక్కువ వేస్తోంది. ఆయన కిటికీ వైపు చూస్తూ, ఆ చప్పటి టీని చివరి గుక్కదాకా తాగేసి, కప్పు పక్కకి జరిపాడు.

"వాన పడేలా ఉంది," అన్నాడు, కిటికీతో.

"గొడుగు తీసుకెళ్తాలే నాన్నా," అంది చంటి, ఆ మాట తనకే చెప్పాడనుకుని.

అప్పటికే ఆయన లేచి వంటింటి గుమ్మం దాటి, ముందుగదిలో ఉన్న తన షాపులోకి వెళ్ళిపోయాడు. కుర్చీ జరిపిన చప్పుడు, షట్టరు ఎత్తిన చప్పుడు, ఇస్త్రీ పెట్టె బల్లమీద పెట్టిన చప్పుడు. ఈమధ్య తండ్రి గురించి ఆమెకి తెలిసేవన్నీ చప్పుళ్ళే.

ముప్పై ఐదు దాటిన మనిషిని ఇంకా చంటి అని పిలుచుకునే ఇల్లది. పేరు పెట్టింది తల్లి, పిలిచి పిలిచి అరగదీసింది తండ్రి. ఆడవాళ్ళ కోట్లు కుట్టడంలో ఆయనకి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పేరుంది. అందరికీ ఆయన మాస్టారు. పోయిన చలికాలం తల్లి పోయింది. పొద్దున కాజాలు కుడుతూ కూర్చున్న మనిషి సాయంత్రానికి లేదు. ఆనాటి నుంచీ మాస్టారు నోట "చంటీ" అన్న పిలుపు రాలేదు. అలాగని కోప్పడలేదు, కసురుకోలేదు. అడిగినదానికి బదులు చెబుతాడు. ఆ బదులేదో గోడకో గడియారానికో చెబుతాడు, అంతే.

"మామయ్యకి టైము పడుతుంది," అన్నాడు ఆమె భర్త, బూట్లు తొడుక్కుంటూ. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరుక్కుపోయినవాళ్ళకి ధైర్యం చెప్పడం వృత్తిలో భాగమే.

"అందరూ అదే అంటున్నారు. అమ్మ ఆయనొక్కడికే పోయిందా? నాకు పోలేదా?"

"నేనలా అనలేదు."

"మీరు అనలేదు. ఆయనే అంటున్నాడు, నోరు తెరవకుండా."

చంటి బ్యాగు తగిలించుకుంది. రెండడుగులు వేయకముందే బ్యాగు పట్టీ ఎడమ భుజం మీంచి జారింది. విసుగ్గా పైకి లాక్కుంది. ఈ ఏడాది బజార్లో కొన్న రెడీమేడ్ స్వెట్టరు వేసుకుంటోంది. దానికీ అదే జబ్బు, ఒక పక్కకి జారిపోతుంది. తండ్రి కుట్టిన బట్టలకి ఆ గొడవ ఉండేది కాదు. కుట్టమని అడగడానికి ఆమెకి మనసొప్పలేదు, కుడతానని ఆయనా అనలేదు.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఆ మధ్యాహ్నం అక్కడ కరెంటు పోయింది. చీకట్లో ఎవరి చూపు ఎంతుందో తేల్చడం కుదరదు కాబట్టి, యజమాని అందరినీ ఇంటికి పొమ్మన్నాడు. చంటి పెరటి తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చి, గొడుగు దులుపుతూ ఠక్కున ఆగిపోయింది. షాపులోంచి నవ్వు వినబడుతోంది. తండ్రి నవ్వు. మధ్యలో దగ్గుతో ఆగి, మళ్ళీ మొదలయ్యే పాత నవ్వు.

"తను గురక పెట్టదని వాదించేదమ్మా," అంటున్నాడు ఆయన. "ఓసారి తన గురకకి తనే ఉలిక్కిపడి లేచి, 'ఎవరండీ ఆ చప్పుడు చేసేది' అని నన్నడిగింది. నేనేం చెప్పను? 'ఎవరో తెలీదు గానీ, రోజూ వస్తున్నారు' అన్నాను."

ఆడగొంతు ఒకటి పకపకా నవ్వింది. అది మేడమీది గదిలో అద్దెకుండే అమ్మాయిది. సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున కొంత డ్యూటీ, సాయంత్రం కొంత. మధ్యాహ్నం ఖాళీ. మాస్టారు షట్టరు దించి లోపల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న రోజుల్లో, ఆమె యూనిఫాం వీపున చిరిగింది. షట్టరు దబదబా బాది, "మాస్టారూ, మీరు కుట్టకపోతే నేనిలాగే బస్సెక్కాలి. టికెట్టు కొన్నవాళ్ళకి వినోదం ఉచితం," అందట. ఆయన తీశాడు. ఆనాటి నుంచీ ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని, ఆయన కుట్టిన కోట్లకి ముందు పైపైన వేసిన టాకాల దారాలు ఊడదీస్తూ ఉంటుంది. ఆమెకి ఆయన పెట్టిన పేరు డ్రైవరమ్మ.

చంటి గొడుగు పట్టుకుని అలాగే నిలబడింది. అమ్మ గురక సంగతి ఆమెకి తెలుసు. ఈ ముచ్చట మాత్రం తెలీదు. అమ్మ గురించి తనకి తెలియని మాట ఇంకొకటి ఈ ఇంట్లో మిగిలే ఉంది, అదీ ఎవరో పరాయిపిల్లకి దక్కింది. గొంతు సవరించుకుంది.

లోపల నవ్వు ఆగిపోయింది. మాస్టారు గుమ్మం తెర తొలగించి తొంగిచూసి, "వచ్చావా," అన్నాడు, గొడుగుతో. తల లోపలికి పోయింది. మిషను గడగడా మొదలైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చంటి భర్త ముందు కక్కేసింది. "ఇంట్లో ఉన్నదానితో మాటల్లేవు. మేడమీంచి దిగొచ్చినదానితో కబుర్లు, నవ్వులూనూ. ఆ పిల్లకి అమ్మ మొహం కూడా సరిగ్గా గుర్తుండదు. వచ్చిన పదిరోజులకే అమ్మ పోయింది కదా."

"ఎవరో ఒకరితో నవ్వుతున్నాడు కదా. పోనీలే."

"మీకేం, అంటారు. నాకు అమ్మ పోయింది. ఇప్పుడు నాన్న కూడా నా చేతిలోంచి జారిపోతున్నాడు. ఉన్నవాడు ఉండగానే పోతుంటే ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు."

భర్త మజ్జిగ గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆ వారం సెలవురోజున చలి ముదిరింది. చంటి దుప్పట్ల కోసం తల్లి పెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. పైన దుప్పట్లు, కింద తల్లి శాలువలు. అడుగున ఉండవలసిన గుడ్డ మాత్రం లేదు.

ఆ గుడ్డకి పెద్ద చరిత్రే ఉంది. ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ. చంటి స్కూల్లో చదివే రోజుల్లో తల్లి ముచ్చటపడి కొనుక్కుంది, కోటు కుట్టించుకోవడానికి. ఏటా చలి మొదలవగానే దాన్ని తీసి భర్త బల్లమీద పెట్టేది. ఏటా ఆయన, "ఈ ఆర్డర్లు కానీ," అనేవాడు. ఆర్డర్లు ఎప్పుడైనా అయ్యాయా? "దీపం కిందే చీకటంటే ఏమిటో ఎవరైనా చూడాలంటే నన్ను చూపించండి," అని తల్లి నవ్వుతూ మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేసేది. ఊరందరికీ కోట్లు కుట్టిన మనిషి భార్య పాత శాలువ కప్పుకునే కాలం వెళ్ళబుచ్చింది.

చంటి పెట్టె మొత్తం బోర్లించింది. లేదు. తిన్నగా షాపులోకి నడిచింది.

నిలువుటద్దం ముందు డ్రైవరమ్మ రెండు చేతులూ ఎడంగా పెట్టి నిలబడి ఉంది. ఆమె ఒంటిమీద ముదురాకుపచ్చ కోటు. ఇంకా పూర్తికాలేదు. ట్రయల్ కోసం తెల్లదారంతో పొడుగు పొడుగు టాకాలు వేసి అతికించి ఉంది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని, కదలకుండా, ఆ అమ్మాయి ఎడమ భుజం వైపే చూస్తున్నాడు. తనని అలా చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది చంటికి.

"ఆ గుడ్డ ఎవరిదో తెలుసా నీకు?" అని ఆ అమ్మాయిని అడిగింది.

డ్రైవరమ్మ తెల్లబోయింది. "మాస్టారు తన దగ్గరున్న గుడ్డే అన్నారక్కా. తెల్లారుజామున డ్యూటీకి యూనిఫాం చాలడం లేదని..."

"మా అమ్మది. బతికున్నన్నాళ్ళూ అడిగింది. అడిగి అడిగి పోయింది." చంటి తండ్రి వైపు తిరిగింది. "కట్టుకున్నదానికి కుట్టడానికి తీరిక లేదు. దారినపోయేవాళ్ళకి కుట్టడానికి దొరికిందా నాన్నా? అమ్మ లేదు కాబట్టి అడ్డుచెప్పేవాళ్ళు లేరనుకున్నావా? నేనున్నాను. నువ్వు చూడ్డం మానేసినా సరే, నేనీ ఇంట్లోనే ఉన్నాను."

మాస్టారి చేతిలో సుద్ద కిందపడి రెండు ముక్కలైంది. ఆయన వెళ్ళి మిషను ముందు కుర్చీలో, వాళ్ళకి వీపు చేసి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. చంటికి పుండు మీద కారం చల్లినట్టయి, వంటింట్లోకి వచ్చేసి, కడగక్కర్లేని గిన్నెలు కూడా తీసి కడగడం మొదలుపెట్టింది.

కాసేపటికి డ్రైవరమ్మ గుమ్మంలోకి వచ్చింది. కోటు మడిచి చేతిమీద వేసుకుంది.

"అక్కా, లోపలికి రానా?"

"వచ్చావుగా."

ఆమె వచ్చి, కోటుని తడి తగలకుండా కుర్చీ వీపుకి తగిలించింది. "ఇది మీకిచ్చేద్దామని వచ్చాను. నాకు తెలిస్తే తాకేదాన్ని కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, తిట్టకుండా వినండి. మా అమ్మ పోయిన రోజు నేను బస్సు మీదున్నాను. డ్యూటీలో ఫోను లాకర్లో పెడతాం. అమ్మ అక్కడ పోతుంటే నేనిక్కడ ఎక్కేవాళ్ళతో జోకులేస్తున్నాను. డిపోకి వచ్చాక తెలిసింది. ఇప్పటికీ మా నాన్నతో అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడలేను. నేను మొదలుపెడితే ఆయన పడిపోతాడు, ఆయన మొదలుపెడితే నేను పడిపోతాను. అందుకని ఇద్దరం ఫోన్లో వాతావరణం గురించి మాట్లాడుకుంటాం."

చంటి చేతిలో గిన్నె ఆగింది. "వాన పడేలా ఉంది" అన్న మాట చెవిలో మళ్ళీ వినబడింది.

"మాస్టారికి మా అమ్మ తెలీదు. నాకు మీ అమ్మగారు అంతగా తెలీదు. అందుకే ఎంతైనా చెప్పుకోగలం. నాకాయన కావలసింది అందుకక్కా. మీ నాన్నని మీ దగ్గర్నించి లాక్కోవడానికి కాదు. నాకూ ఒక నాన్న ఉన్నాడు, ఆయనతోనే వేగలేకపోతున్నాను."

చంటికి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంది. చేతులు తుడుచుకుని కోటు దగ్గరికి వచ్చి, గుడ్డ మీద వేళ్ళు ఆనించింది.

"బాగా కుదిరిందా నీకు?" గొంతు కాస్త మెత్తబడింది.

"కుదరడమా? చేతులు మణికట్టు దాకా కూడా రాలేదు. నడుం దగ్గర ఇంకొకరు పట్టేంత వదులు. మాస్టారు ఇన్నాళ్ళలో నాకో గుండీ కూడా వంకరగా కుట్టలేదు. పైగా ఎడమ భుజం లోపల ఏదో ఎత్తుగా పెట్టారు. దాంతో కోటంతా ఒక పక్కకి లేచిపోయింది."

"అది దూది మడత. ఎప్పుడూ ఉండేదే," అంది చంటి. "నాన్న కుట్టిన ప్రతి కోటులోనూ ఉంటుంది."

"నావాటిల్లో లేదక్కా."

"ఉంటుంది. చిన్నప్పట్నించీ నా బట్టలన్నిట్లో ఉంది."

"యూనిఫాం ఇంతకుముందు రెండుసార్లు కుట్టారు. లేదు. రోజూ ఎన్ని కోట్లకి టాకాలు తీస్తున్నాను, ఒక్కదాంట్లోనూ చూడలేదు."

చంటి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కోటు తీసి లోపలివైపు తిప్పింది. ఎడమ భుజం కింద పల్చటి దూది మడత, దానిమీద చిన్న చిన్న కుట్లు. కుడిపక్క ఏమీ లేదు. తల్లికి ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండేది. శాలువ ఎప్పుడూ అటే జారేది. ఆ సంగతి పైకి తెలియకుండా ఆమె జాకెట్లన్నిటికీ ఆయన లోపల దూది పెట్టి కుట్టేవాడు. అమ్మకి అందుకే పెట్టేవాడని తెలుసు. తన భుజమూ అలాగే వాలి ఉందని చంటి ఏనాడూ అనుకోలేదు. తనవాటిల్లో ఉన్నది ఆయన అందరికీ పెట్టే మడతే అనుకుంది. కళ్ళజోళ్ళు పెట్టి రోజంతా జనాన్ని అద్దం ముందు కూర్చోబెట్టే మనిషికి తన భుజమే కనబడలేదు.

"వేసుకోండక్కా," అంది డ్రైవరమ్మ నెమ్మదిగా. "ఇది నాది కాదు. మొదట్నించీ కాదనుకుంటాను."

చంటి చేతులు దూర్చింది. గుడ్డ బరువుగా వీపుమీద దిగి, రెండు భుజాల మీదా ఒక్కసారే కూర్చుంది. ఏ పక్కకీ జారలేదు. ఆమె అలాగే షాపులోకి నడిచింది.

మాస్టారు ఇంకా అటు తిరిగే ఉన్నాడు. ఎదురుగా నిలువుటద్దం. అందులో ముదురాకుపచ్చ కోటు గుమ్మంలో నిలబడడం ఆయన ముందుగా చూశాడు. చెయ్యి గుండెమీదికి వెళ్ళింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగాడు.

"ఇది ఎవరి కొలత నాన్నా?"

"మీ అమ్మది," అన్నాడు ఆయన. "ఆ పిల్లకి టేపు పెట్టే కొలిచాను. కోసేటప్పుడు చెయ్యి దాని దారిన అది పోయింది. ఇందాక ట్రయల్ వేసి చూసేదాకా నాకే తెలీదు. దూది కూడా పెట్టాను చూడు. అప్పుడైనా తెలియొద్దూ? ఇన్నేళ్ళ పనిలో ఒక్క గుడ్డ పాడుచెయ్యలేదు. పాడుచేసింది కూడా చివరికి దానిదే అయింది."

"పాడవలేదు. చూడు."

ఆయన చూడలేదు. నేలమీది సుద్దముక్కల వైపు చూస్తున్నాడు.

"నా వైపు చూడు నాన్నా. నేనేం తప్పు చేశాను? అమ్మని ఆసుపత్రికి త్వరగా తీసుకెళ్ళలేదనా? ఆ రోజు నేను డ్యూటీకి వెళ్ళాననా? ఇన్నాళ్ళూ అదే అనుకుంటున్నాను. అదైతే అదని చెప్పు, పడతాను."

మాస్టారు తలెత్తాడు. ఆ మొహంలో నిజంగానే ఆశ్చర్యం. కూతురు ఇంత బరువు మోస్తోందని ఆయనకి తట్టనేలేదు.

"పిచ్చిపిల్లా, నీ తప్పేముంది ఇందులో?" "నువ్వు పొద్దున టీ పెట్టి నిలబడతావు. కిటికీ అద్దంలో నీ నీడ పడుతుంది. మొహం కనబడదు, భుజాలే కనబడతాయి, ఒక పక్కకి వాలి. మీ అమ్మే నిలబడినట్టుంటుంది. తల తిప్పితే నువ్వు. తిప్పకపోతే అది. అందుకని తిప్పను. టీ అయిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాను. నీకు స్వెట్టరు జారిపోవడం చూశాను. కుట్టాలనుకున్నాను. కుట్టాలంటే ఆ భుజం మీద టేపు పెట్టాలి. నాకు చేతులు రాలేదు."

చంటి ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ గదిలో తలుపేసుకుని ఏడ్చిన ఏడుపు కాదది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ, టాకాలు వేసిన కోటు చేతికే తుడుచుకుంటూ ఏడ్చింది. మాస్టారు లేచి వచ్చాడు. ఏం చెయ్యాలో తెలియని వాడిలా ఒక్క క్షణం నిలబడి, తర్వాత తనకి చేతనైన పనే చేశాడు. రెండు అరచేతులూ ఆమె భుజాల మీద ఆనించి, కుట్టు ఎక్కడ కూర్చుందో వేళ్ళతో తడిమి చూశాడు. ఎడమ భుజం దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"చెయ్యి కిందికి వదులు," అన్నాడు. "భుజం సరిచేసుకోకు. ఎలా ఉందో అలాగే ఉండనీ, చంటీ."

ఆ పిలుపు విని గుమ్మంలో నిలబడ్డ డ్రైవరమ్మ తల అవతలికి తిప్పుకుంది. మేడమెట్ల వైపు వెళ్ళబోయింది.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టారు, వెనక్కి తిరగకుండానే. "తెల్లారుజామున ఆ చొక్కాతోనే పోతావా? ఇలా వచ్చి నిలబడు. మళ్ళీ కొలుస్తాను."

"వద్దు మాస్టారూ. ఈసారి ఎవరి కొలత పెడతారో ఏమో."

"ఈసారి నేను పక్కనే ఉంటాలే," అంది చంటి, కళ్ళు తుడుచుకుంటూ. "నాన్న కోసేటప్పుడు కొలతలు నేను పైకి చదువుతాను. గుడ్డ రేపు మనిద్దరం వెళ్ళి కొందాం. నీకు ఆకుపచ్చ నప్పదు, నీలం చూద్దాం."

"నాకు నప్పదని ఇందాక చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదక్కా," అంది డ్రైవరమ్మ. ముగ్గురూ నవ్వారు. మాస్టారి నవ్వు మధ్యలో దగ్గుతో ఆగి, మళ్ళీ మొదలైంది.

కోటు చేతులు ఒక వేలెడు పొడుగు చెయ్యాలని తేలింది. చంటి చేతులు తల్లి చేతులకన్నా కాస్త పొడుగు. లోపలి మడతలో ఆయన గుడ్డ వదిలే ఉంచాడు. అక్కడ సుద్దతో గీత గీసి, గుండుసూది గుచ్చి, "రెండో ట్రయల్ ఉంది, తప్పించుకోకు," అన్నాడు. ఏ కస్టమరుకైనా చెప్పే మాటే అది.

"టీ పెట్టుకొస్తాను," అంటూ చంటి వంటింటి వైపు తిరిగింది.

"చంటీ."

ఆగింది. తండ్రి తన మొహంలోకే చూస్తున్నాడు.

"చక్కెర సరిగ్గా వెయ్యి తల్లీ. ఇన్నాళ్ళనించీ ఆ చప్పటి నీళ్ళు తాగలేక చస్తున్నాను."